ప్రింటర్ భాషా లోపాలు: కాగితం మీది సందేశాన్ని చదివి కారణాన్ని పట్టుకునే పద్ధతి

రెండు పేజీల ఉత్తరానికి ప్రింట్ ఇస్తే కాగితాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కదాని పైభాగాన ఒకటి రెండు వరుసల పిచ్చి గుర్తులు, మిగతాదంతా తెలుపు. ఇంకోసారి ఉత్తరం రాదు గానీ, ఒకే ఒక్క కాగితం మీద ‘పీసీఎల్ ఎక్స్ఎల్ ఎర్రర్’ అనో ‘ఆఫెండింగ్ కమాండ్’ అనో నాలుగు వరుసలు పడి ఆగిపోతుంది. పీడీఎఫ్ తయారు చేయబోతే ఫైలే పుట్టదు, దాని బదులు ఒక లాగ్ ఫైలు, అంటే ఏం జరిగిందో రాసిపెట్టిన చిట్టా, మిగులుతుంది. ఈ మూడూ ఒకే కోవకు చెందిన తప్పులు. ఇలాంటప్పుడు చాలామంది ఆ కాగితాన్ని నలిపి చెత్తబుట్టలో వేసి, ప్రింటర్ డ్రైవర్‌ను (కంప్యూటర్ చెప్పేదాన్ని ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామును) తీసేసి మళ్లీ ఎక్కించడంతో పని మొదలుపెడతారు. అది చివర చేయవలసిన పని. లోపం ఎక్కడ ఉందో చెప్పే ఆధారం ఆ నలిపేసిన కాగితం మీదే ఉంటుంది కనుక, ముందు దాన్ని చదవాలి.

ఇక్కడ భాష అంటే తెలుగో ఇంగ్లీషో కాదు. పేజీ మీద ఏ అక్షరం ఎక్కడ పడాలి, ఏ గీత ఎంత మందంగా ఉండాలి, బొమ్మ ఎంత జాగా ఆక్రమించాలి అని కంప్యూటర్ ప్రింటర్‌కు చెప్పే ఆదేశాల భాష. అడోబీ సంస్థ 1984లో తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ వీటిలో ఒకటి. హ్యూలెట్ ప్యాకార్డ్ రూపొందించిన పీసీఎల్ మరొకటి. ఇందులో పాత పీసీఎల్ 5, ఆ తర్వాత వచ్చిన పీసీఎల్ 6 రెండూ నేటికీ వాడుకలో ఉన్నాయి. పీసీఎల్ 6లోని ముఖ్యభాగాన్నే పీసీఎల్ ఎక్స్ఎల్ అంటారు. 1993లో వచ్చిన పీడీఎఫ్ పోస్ట్‌స్క్రిప్ట్ కుదురులోంచే పుట్టింది. కొన్ని ప్రింటర్లు దాన్ని కూడా నేరుగా చదవగలవు. ఇవేవీ తెలియని చవక ప్రింటర్లూ ఉన్నాయి. వాటి విషయంలో పేజీ చిత్రమంతా కంప్యూటరే గీసి పంపుతుంది కాబట్టి, ఆ ప్రింటర్ కోసం చేసిన డ్రైవర్ తప్ప మరేదీ వాటికి పనికిరాదు.

పంపిన భాష, తెలిసిన భాష

పిచ్చి గుర్తులతో కాగితాలు వస్తున్నప్పుడు మొదట ప్రింటర్‌లోని కాగితాల ట్రేను బయటికి లాగండి. ప్రింటర్‌ను ఆపి మళ్లీ వెలిగిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఆ పని ఇంకా కంప్యూటర్ క్యూలోనే, అంటే ప్రింట్ కోసం వేచి ఉన్న పనుల వరుసలోనే ఉంటుంది, ప్రింటర్ వెలగగానే మళ్లీ మొదటి నుంచీ మొదలవుతుంది. క్యూ తెరిచి ఆ పనిని రద్దు చేయాలి. రద్దు కాకుండా మొండికేస్తే, విండోస్‌లో సర్వీసెస్ తెరిచి ఆ క్యూను నడిపే ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో స్పూల్ కింద ఉండే ప్రింటర్స్ ఫోల్డర్‌ను ఖాళీ చేసి, స్పూలర్‌ను తిరిగి నడిపించాలి. ఆ కంప్యూటర్‌లో క్యూలో ఉన్న అందరి పనులూ దీనితో పోతాయి కనుక ముందుగా ఒక మాట చెప్పి చేయడం మర్యాద.

ఇప్పుడు మొదట పడిన కాగితాన్ని చూడండి. దాని పైవరుస ‘%!పీఎస్-అడోబీ-3.0’ అనే రూపంలో ఇంగ్లీషు అక్షరాలతో మొదలైతే, పోస్ట్‌స్క్రిప్ట్ రాని ప్రింటర్‌కు పోస్ట్‌స్క్రిప్ట్ వెళ్లిందని అర్థం. పీసీఎల్ ప్రింటర్ ఎస్కేప్ గుర్తుతో మొదలయ్యే వాటినే ఆదేశాలుగా తీసుకుంటుంది, మిగతావన్నీ అచ్చు వేయవలసిన అక్షరాలే అనుకుంటుంది. అందుకే ఆదేశాల పాఠాన్నే నమ్మకంగా పేజీల కొద్దీ అచ్చు వేస్తుంది. తారుమారుగా జరిగినప్పుడు, అంటే పోస్ట్‌స్క్రిప్ట్ మాత్రమే వచ్చిన ప్రింటర్‌కు పీసీఎల్ వెళ్లినప్పుడు, చాలాసార్లు ఏమీ రాదు. దీపం కాసేపు మినుకుమంటుంది, క్యూలోంచి పని మాయమవుతుంది, కాగితం మాత్రం కదలదు.

సరిచూడడానికి రెండు చోట్లు ఉన్నాయి. ప్రింటర్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీని తీస్తే ఆ యంత్రానికి ఏ భాషలు వచ్చో అందులో ఉంటుంది. కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి అడ్వాన్స్‌డ్ ట్యాబ్ చూస్తే, డ్రైవర్ పేరు చివర చాలావరకు ‘పీఎస్’ (పోస్ట్‌స్క్రిప్ట్) అనో ‘పీసీఎల్ 6’ అనో కనిపిస్తుంది. ఈ రెండూ కలవకపోతే కారణం దొరికినట్లే. కలిసినా లోపం వస్తుంటే, ప్రింటర్ మెనూలో పర్సనాలిటీ లేదా ప్రింట్ లాంగ్వేజ్ అనే సెట్టింగ్ చూడండి. అది ఆటోలో ఉంటే, వచ్చిన పని ఏ భాషలో ఉందో ప్రింటర్ తనే పోల్చుకోవాలి. పీజేఎల్ అనే చిన్న ముందుమాట ఆ పనికి తోడుగా వెళ్లి, ఇక వచ్చేది ఫలానా భాష అని ప్రకటిస్తుంది. అది లేనప్పుడు, పాడైనప్పుడు ప్రింటర్ ఊహ తప్పుతుంది. ఆ ప్రింటర్‌కు అందరూ ఒకే భాషలో పంపుతున్నట్లయితే, సెట్టింగ్‌ను ఆ భాషకే స్థిరపరచడం మేలు.

పోస్ట్‌స్క్రిప్ట్ సందేశంలో ఏముంటుంది

పోస్ట్‌స్క్రిప్ట్ తప్పు సందేశంలో రెండు ముక్కలు ఉంటాయి: తప్పు పేరు ఒకటి, ఆ తప్పు ఏ ఆదేశం దగ్గర జరిగిందో చెప్పే ఆఫెండింగ్ కమాండ్ మరొకటి. కొన్ని ప్రింటర్లు ఈ సందేశాన్ని మింగేసి ఊరుకుంటాయి. అప్పుడు విండోస్ పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌లోని అడ్వాన్స్‌డ్ భాగంలో ‘సెండ్ పోస్ట్‌స్క్రిప్ట్ ఎర్రర్ హ్యాండ్లర్’ అన్నదాన్ని ‘ఎస్’ చేస్తే, మరుసటిసారి అది కాగితం మీదకు వస్తుంది.

ఎక్కువగా కనిపించే పేరు ‘అన్‌డిఫైన్డ్’. తనకు తెలియని మాట ఎదురైందని ప్రింటర్ చెబుతోందన్నమాట. ఆ మాట ఏమిటో చూడడంలోనే కిటుకంతా ఉంది. పేజీని బయటికి పంపే ‘షోపేజ్’ అన్న ఆదేశం ‘షోపే’ అని తెగి కనిపిస్తే, లేదా ఏ భాషకూ చెందని చెత్త అక్షరాలు ఉంటే, ఫైలులో తప్పేమీ లేకపోవచ్చు. దారిలో డేటా పోయిందని అనుమానించాలి. కేబుల్ మార్చి, మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్‌ను తీసేసి, నేరుగా కలిపి చూడాలి. అలా కాకుండా అక్కడ ‘సెట్‌పేజ్‌డివైస్’ ఉంటే అది పోస్ట్‌స్క్రిప్ట్ రెండో తరమైన లెవెల్ 2లో వచ్చిన ఆదేశం, ‘ఎస్‌హెచ్‌ఫిల్’ ఉంటే పోస్ట్‌స్క్రిప్ట్ 3లో వచ్చిన ఆదేశం. పాత ప్రింటర్‌కు కొత్త తరం భాష వెళ్లింది కాబట్టి డ్రైవర్‌లో లాంగ్వేజ్ లెవెల్ తగ్గించాలి. ఏదైనా ఫాంట్ పేరు కనిపిస్తే, ఆ ఫాంట్ ప్రింటర్‌దాకా చేరలేదని తేలికగా పోల్చుకోవచ్చు.

‘వీఎమ్‌ఎర్రర్’ అంటే ప్రింటర్ మెమరీ చాలలేదని. ప్రింటర్ ఎంత మోస్తుందో ఒక అంచనా కావాలంటే, ఏ4 పేజీని అంగుళానికి 600 చుక్కల లెక్కన వేస్తే 4960 అడ్డం, 7016 నిలువు చుక్కలు అవుతాయి. నలుపు తెలుపులో చుక్కకు ఒక బిట్ చొప్పున అది దాదాపు 4.35 ఎంబీ, నాలుగు రంగుల్లో, రంగుకు 8 బిట్ల చొప్పున, కుదించకపోతే 139 ఎంబీ దాకా పోతుంది. ఫాంట్లకూ బొమ్మలకూ కావలసిన చోటు దీనికి అదనం. రిజల్యూషన్‌ను 300కు తగ్గించి ప్రయత్నించండి, పనిని కొన్ని కొన్ని పేజీలుగా పంపండి. ‘లిమిట్‌చెక్’ దీనికి దగ్గరి చుట్టం. వేల కొద్దీ బిందువులున్న గీతలతో చేసిన పటం లేదా చిక్కటి లోగో ప్రింటర్ పెట్టుకున్న పరిమితిని దాటినప్పుడు వస్తుంది. ఆఫెండింగ్ కమాండ్ స్థానంలో ‘ఇమేజ్’ ఉంటే బొమ్మను, ‘క్లిప్’ ఉంటే కత్తిరించి అతికించిన ఆకారాలను, ‘షో’ ఉంటే అక్షరాలను ముందు అనుమానించడం నా అలవాటు. ఎప్పుడూ నిజమవుతుందని కాదు గానీ, వెతుకులాట సరైన చోట మొదలవుతుంది.

పీసీఎల్ ఎక్స్ఎల్ సందేశం సంగతి వేరు. అందులో సబ్‌సిస్టమ్, ఎర్రర్, ఆపరేటర్, పొజిషన్ అని నాలుగు వరుసలుంటాయి. ‘ఇల్లీగల్ ఆపరేటర్ సీక్వెన్స్’, ‘ఇల్లీగల్ ట్యాగ్’, ‘మిస్సింగ్ డేటా’ వంటివి తరచుగా కనిపించేవి. ఇది మనుషులు చదవగలిగే పాఠం కాదు, బైట్ల వరుస. అందులో ఒక్క బైట్ జారినా తర్వాతిదంతా తప్పుగానే అర్థమవుతుంది. అందువల్ల ఈ నాలుగు వరుసల్లోంచి పోస్ట్‌స్క్రిప్ట్‌లో లాగినంత సమాచారం లాగలేం. ఒకే ఫైలుకు ప్రతిసారీ అదే పొజిషన్ సంఖ్య వస్తే తప్పు ఫైలులోనో డ్రైవర్‌లోనో ఉందని, సంఖ్య మారుతూ ఉంటే దారిలోనో ప్రింటర్‌లోనో ఉందని తేల్చుకోవచ్చు. ఆ ఒక్క ముక్క కోసమైనా రెండుసార్లు ప్రింట్ ఇచ్చి చూడాలి.

ఒక ప్రింటర్, రెండు క్యూలు. ఒక ఫైలు, సగం సగం

రెండు భాషలూ వచ్చిన ప్రింటర్ అయితే, దాన్ని కంప్యూటర్‌లో రెండుసార్లు చేర్చండి: ఒకటి పీఎస్ డ్రైవర్‌తో, మరొకటి పీసీఎల్ 6 డ్రైవర్‌తో, రెండింటికీ పోర్ట్ ఒకటే. పీసీఎల్ క్యూలో తప్పు వచ్చిన ఫైలు పీఎస్ క్యూలో చక్కగా వస్తే కేబుల్, కాగితం, యంత్రం వీటిని అనుమానితుల జాబితాలోంచి చాలావరకు తీసేయవచ్చు. డ్రైవర్‌ను తీసి మళ్లీ ఎక్కించడం కంటే ఇది త్వరగా అవుతుంది, పైగా ఉన్నదాన్ని చెడగొట్టదు. రెండింటిలోనూ తప్పే వస్తే ఫైలు మీద దృష్టి పెట్టాలి.

ఒకసారి నా దగ్గరికి 64 పేజీల నివేదిక వచ్చింది. ఎన్నిసార్లు ప్రింట్ ఇచ్చినా మధ్యలో ఆగి, లిమిట్‌చెక్ కాగితం పడుతోంది. మొదటి 32 పేజీలు ఇస్తే బాగా వచ్చాయి. 33 నుంచి 48 ఇస్తే ఆగింది. 33 నుంచి 40 వచ్చాయి; 41 నుంచి 44 ఆగింది; 41, 42 ఆగాయి; 41 ఒక్కటీ ఇస్తే అదీ ఆగింది. ఆరు ప్రయత్నాల్లో దోషి పేజీ దొరికింది. మధ్యలో సరిగ్గా వచ్చిన పేజీలు ఎలాగూ కావలసినవే కాబట్టి కాగితం వృథా కాలేదు. ఆ పేజీ మూలన గోరంత లోగో ఒకటి ఉంది. పెద్దది చేసి చూస్తే, స్కాన్ చేసిన బొమ్మను గీతలుగా మార్చినప్పుడు మరకలూ దుమ్ము చుక్కలూ కూడా వేలాది చిన్న ఆకారాలుగా మారి అందులో చేరాయని తెలిసింది. దాని స్థానంలో మామూలు బొమ్మ ఫైలు పెట్టగానే 64 పేజీలూ వచ్చాయి.

దోషి దొరికినా మూల ఫైలు మన చేతిలో లేకపోతే, పీడీఎఫ్‌లు తెరిచే అడోబీ ప్రోగ్రాము అక్రోబాట్ ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్ నొక్కి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ మీద టిక్ పెట్టవచ్చు. అప్పుడు పేజీని కంప్యూటరే చిత్రంగా మార్చి పంపుతుంది, కాబట్టి ఫాంట్లు, పారదర్శక ఆకారాలు, చిక్కటి గీతల గొడవ ప్రింటర్‌దాకా పోదు. ఆలస్యమవుతుంది, సన్నటి అక్షరాల అంచులు కాస్త మొద్దుబారుతాయి. గండం గట్టెక్కడానికి వాడుకోవాలి గానీ రోజూ వాడే అలవాటుగా చేసుకోకూడదు.

పీడీఎఫ్ పుట్టనప్పుడు

అడోబీ పీడీఎఫ్ అనే ప్రింటర్‌కు ప్రింట్ ఇచ్చి పీడీఎఫ్ చేసేటప్పుడు తెర వెనక జరిగేది కూడా ఇదే: పత్రం ముందు పోస్ట్‌స్క్రిప్ట్‌గా మారుతుంది, దాన్ని డిస్టిల్లర్ అనే అడోబీ ప్రోగ్రాము చదివి పీడీఎఫ్‌గా మారుస్తుంది. ఇక్కడ డిస్టిల్లరే ప్రింటర్ అనుకోండి. తప్పు దొర్లితే ఫైలు పక్కనే లాగ్ ఫైలు మిగులుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అవే తప్పు పేర్లు, అవే ఆఫెండింగ్ కమాండ్లు కనిపిస్తాయి. చివర్లో, మిగతా పనిని పట్టించుకోబోమని, పీడీఎఫ్ ఏదీ తయారు కాలేదని చెప్పే వరుసలు ఉంటాయి. చాలామంది వాటినే చదివి ఆగిపోతారు. అసలు కారణం వాటికి పై వరుసలో ఉంటుంది.

హోస్ట్ ఫాంట్లు (కంప్యూటర్‌లోని ఫాంట్లు) పంపాలి అనే సందేశం వస్తే మందు సులభం. ఆ ప్రింటర్ ప్రిఫరెన్సెస్‌లోని అడోబీ పీడీఎఫ్ సెట్టింగ్స్‌లో ‘రిలై ఆన్ సిస్టమ్ ఫాంట్స్ ఓన్లీ’ అని మొదలయ్యే వరుస మీది టిక్ తీసేయాలి.

ప్రింట్ టు ఫైల్ ద్వారా, అంటే కాగితానికి బదులు ఫైలుగా తీసిన ప్రింట్ పనిని, పోస్ట్‌స్క్రిప్ట్‌ను చదివే ఘోస్ట్‌స్క్రిప్ట్ వంటి ప్రోగ్రాముకు ఇచ్చినప్పుడు మొదటి వరుసలోనే ‘అన్‌డిఫైన్డ్’ వచ్చి, పక్కన 12345ఎక్స్ అనే ముక్క, పీజేఎల్ అనే మాట కనిపిస్తే, అడ్డం పడింది పైన చెప్పిన ముందుమాటే. అది నిజమైన ప్రింటర్ కోసం రాసినది, అన్ని ప్రోగ్రాములూ దాన్ని దాటవేయలేవు. ‘%!’కు ముందున్న భాగాన్ని తొలగించవచ్చు, కానీ ఫైలులో బైనరీ డేటా ఉంటే మామూలు ఎడిటర్‌లో సేవ్ చేయగానే అది పాడవుతుంది. ఆ ముందుమాట జోడించని సాదా పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌తో ఫైలును మళ్లీ తీయడమే క్షేమం. అప్పుడు డ్రైవర్‌లో ‘ఆప్టిమైజ్ ఫర్ పోర్టబిలిటీ’ని ఎంచుకుని, పని ముగిసిందని తెలిపే కంట్రోల్-డి గుర్తును పంపే సెట్టింగ్ ఉంటే దాన్ని ఆపండి.

అయితే ఈ చుట్టుదారి అసలు అవసరమా అని ముందే అడగాలి. వర్డ్, లిబ్రేఆఫీస్ వంటివి సేవ్ యాజ్ లేదా ఎక్స్‌పోర్ట్ ద్వారా నేరుగా పీడీఎఫ్ ఇస్తాయి. పోస్ట్‌స్క్రిప్ట్ మెట్టు లేదు కాబట్టి దాని తప్పులూ ఉండవు, లింకులు కూడా నిలుస్తాయి. ఉన్న పీడీఎఫ్‌ను పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చి మళ్లీ పీడీఎఫ్ చేయమని కొందరు సలహా ఇస్తారు. దానితో కొన్ని లోపాలు పోయే మాట నిజమే గానీ, లింకులు, బుక్‌మార్కులు కూడా పోవచ్చు, పారదర్శక భాగాలు ముక్కలవుతాయి. మ్యాక్ వాడేవారు గమనించవలసింది ఒకటుంది: 2022లో వచ్చిన వెంచురా నుంచి ప్రివ్యూ ప్రోగ్రాము పోస్ట్‌స్క్రిప్ట్, ఈపీఎస్ ఫైళ్లను తెరవడం మానేసింది, కాబట్టి ఫైలు తెరుచుకోనంత మాత్రాన అది పాడైందనుకోకండి.

ఇవన్నీ చేసినా లోపం పోకపోతే, అప్పుడు డ్రైవర్‌ను మార్చండి, ప్రింటర్ ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాము) కొత్తది ఉందేమో చూడండి. నిపుణుణ్ని పిలవవలసి వస్తే, తప్పు సందేశం పడిన కాగితం, కాన్ఫిగరేషన్ పేజీ, తప్పు తెచ్చే ఒక్క పేజీని ప్రింట్ టు ఫైల్ చేసిన ఫైలు సిద్ధంగా ఉంచండి. ఆ ఫైలును అదే రకం ప్రింటర్‌కు నేరుగా పంపి, లోపం అక్కడా వస్తుందో లేదో వారు చూడగలరు. ఆ ఫైలులో మీ పత్రంలోని విషయమంతా ఉంటుందని గుర్తుంచుకుని, గోప్యమైన పేజీ అయితే దాని పాఠాన్ని మార్చి, లోపం ఇంకా వస్తోందని చూసుకున్న తర్వాతే ఇవ్వండి.