సుప్రీంకోర్టు తీర్పు ఎలా చదవాలి?

టీవీలో ‘సుప్రీం సంచలన తీర్పు’ అని స్క్రోలింగ్ పోతుంది. ఎవరు గెలిచారో తెలుస్తుంది గానీ, జడ్జీలు అలా ఎందుకు తేల్చారో తెలియదు. అది తీర్పు కాపీలోనే దొరుకుతుంది. లా చదవనివాళ్ళు కూడా చదువుకోవచ్చు. కాకపోతే మొదటి పేజీ నుంచి వరసగా మొదలుపెడితే ఇరవయ్యో పేజీకి నిద్ర ఖాయం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న చెప్పిన పుట్టస్వామి తీర్పునే ముందు పెట్టుకుందాం. మొత్తం 547 పేజీలు.

1. అది తీర్పేనా?

వాదనల మధ్యలో జడ్జీలు లాయర్లను గుచ్చి గుచ్చి అడుగుతారు. పేపర్లో వచ్చే ‘ఘాటు వ్యాఖ్యలు’ చాలావరకు అవే. ఒక వాదన ఎంతదాకా నిలబడుతుందో చూడటానికి వేసే ప్రశ్నలవి, తీర్పు కాదు. ‘సుప్రీంలో చుక్కెదురు’ అన్న వార్తతో కూడా జాగ్రత్త. హైకోర్టు తీర్పు మీద వేసిన స్పెషల్ లీవ్ పిటిషన్‌ను (అప్పీలుకు అనుమతి ఇవ్వండని కోరే పిటిషన్) కారణాలేమీ రాయకుండా కొట్టేశారంటే, ఆ కేసులో జోక్యం చేసుకోదలచుకోలేదనే అర్థం. హైకోర్టు చెప్పిందంతా రైటని ముద్ర వేసినట్టు కాదు.

2. కాపీ తెచ్చుకోండి

సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి. తేడా కనిపిస్తే ఇంగ్లిష్ ప్రతే ప్రమాణం.

3. జడ్జీలు ఎంతమందో లెక్కపెట్టండి

మామూలు కేసులు ఇద్దరో ముగ్గురో వింటారు. రాజ్యాంగానికి అర్థం చెప్పాల్సిన పెద్ద ప్రశ్న వస్తే కనీసం ఐదుగురు కూర్చోవాలని 145వ అధికరణం చెబుతుంది. మరి పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది ఎందుకు కూర్చున్నారు? ఆధార్ మీద పిటిషన్లు వచ్చినప్పుడు, గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని కేంద్రం వాదించింది. 1954లో ఎనిమిది మంది, 1962లో ఆరుగురు జడ్జీలు ఇచ్చిన తీర్పులను చూపించింది. ఎనిమిది మంది అన్నమాటను ఐదుగురు కాదనలేరు. అందుకే 2015లో ముగ్గురి ధర్మాసనం చిక్కును పైకి పంపింది, 2017 జులైలో ఐదుగురు కూర్చుని తొమ్మిది మంది కావాలన్నారు. ఆ అంకె చూస్తేనే ఏ పాత తీర్పుకు గండం ఉందో ఊహించవచ్చు.

4. ఆఖరి పేజీలకు వెళ్ళండి

అక్కడ తొమ్మిది మందీ సంతకాలు చేసిన చిన్న ఉత్తర్వు ఉంటుంది. నాలుగే పాయింట్లు. దానికి ముందున్న వందల పేజీల్లో ఉన్నవి ఆరు వేర్వేరు అభిప్రాయాలు. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ తనతో కలిపి నలుగురి తరఫున ఒకటి రాశారు. మన జస్టిస్ చలమేశ్వర్ సహా మిగతా ఐదుగురు విడివిడిగా రాసుకున్నారు. అందరూ చేరిన చోటు ఒకటే, నడిచిన దారులు వేరు. కింది కోర్టులను కట్టేసేది కనీసం మెజారిటీ జడ్జీలు కలిసి ఒప్పుకున్న మాటే.

5. అడిగిన ప్రశ్న ఏమిటి?

ఈ తీర్పు ఆధార్ సంగతి తేల్చేసిందనుకుంటే పప్పులో కాలేసినట్టే. తొమ్మిది మంది ముందున్న ప్రశ్న హక్కు ఉందా లేదా అన్నంత వరకే.

6. పాత తీర్పులను ఏం చేశారో చూడండి

నన్నడిగితే అసలు కథ ఇక్కడే ఉంది. పాత తీర్పు ఎదురైతే జడ్జీలు దాన్ని అనుసరించవచ్చు, ఈ కేసు సంగతులు వేరని పక్కన పెట్టవచ్చు, తప్పని రద్దు చేయవచ్చు.

1962 నాటి ఖరక్ సింగ్ కేసునే తీసుకోండి. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేసిన మనిషి ఆయన. అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టి, కేకలేసి నిద్ర లేపేవారు. ఆ రాత్రి తనిఖీలు చెల్లవని ఆరుగురూ అన్నారు. కానీ నలుగురు మాత్రం, గోప్యత మన రాజ్యాంగంలో లేదనీ, మిగతా నిఘా సాగవచ్చనీ తేల్చారు. ఇల్లు పవిత్రమంటూనే గోప్యత లేదనడం ఒకదానికొకటి పొసగదని 2017లో పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

మిగిలిన ఇద్దరిలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు, ఇంకొకరు జె.సి. షా. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమే, నిఘా నిబంధన మొత్తం చెల్లదు అని వారు భిన్నంగా రాశారు. మెజారిటీ మాటే చట్టం కాబట్టి అప్పటికి అది ఓడిన అభిప్రాయం. యాభై ఐదేళ్ళకు అదే సరైనదైంది. అందుకే భిన్నాభిప్రాయాన్ని దాటేయకండి. ఎమర్జెన్సీలో నిర్బంధించినవాళ్ళు విడుదల కోసం కోర్టుకెక్కలేరన్న జబల్‌పూర్ కేసు తీర్పును కూడా పుట్టస్వామి తీర్పులో రద్దు చేశారు. 1976లో ఆ మెజారిటీలో ఉన్న వై.వి. చంద్రచూడ్ స్వయానా డి.వై. చంద్రచూడ్ తండ్రి.

7. కొలబద్దను వెతకండి

హక్కుకు ప్రభుత్వం అడ్డుపడాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, చర్య ఆ అవసరాన్ని మించకూడదు. ఇదీ ఆ తీర్పులో దొరికే పరీక్ష. 2018 సెప్టెంబరు 26న ఐదుగురు ఇదే పరీక్షను ఆధార్‌కు పెట్టారు. నలుగురు చాలావరకు పాసైందన్నారు. బ్యాంకు ఖాతాలకూ సిమ్‌లకూ తప్పనిసరి చేయడాన్ని మాత్రం మెజారిటీ కొట్టేసింది. డి.వై. చంద్రచూడ్ ఒక్కరే చట్టం మొత్తం ఫెయిలన్నారు. మెజారిటీ వైపు జస్టిస్ సిక్రీ రాసిన భాగాన్నీ చంద్రచూడ్ రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. పేదలకు చేరే సాయం ముందు సేకరించే సమాచారం కొంచెమేనని ఒకరు తూచారు. వేలిముద్ర పడక సాయం అందనివాళ్ళనూ, నిఘాకు దొరికే అవకాశాన్నీ రెండోవారు తూచారు.