కీమోథెరపీ పొందే పిల్లల్లో వికారం, భయం తగ్గించడం ఎలా

మా అక్క కొడుకుకు అప్పుడు ఏడేళ్ళు. కేన్సర్‌కు ఇచ్చే కీమో కోసం మూడవసారి పీలేరు నుంచి తిరుపతికి తీసుకువస్తున్నప్పుడు, బస్సు భాకరాపేట ఘాట్ దిగి రంగంపేట దాటేసరికి వాడి ముఖం పాలిపోయింది. మలుపుల వల్ల కడుపు తిప్పుతోందేమో అనుకొని నిమ్మకాయ వాసన చూపించాము. బస్సు దిగి ఆటో ఎక్కి, ఆసుపత్రి గేటు కనబడగానే భళ్ళున వాంతి చేసుకున్నాడు. ఆ రోజు వాడి ఒంట్లోకి ఇంకా ఒక్క చుక్క మందు కూడా పోలేదు.

పిల్లవాడు నటిస్తున్నాడని, మొండికేస్తున్నాడని ఆ సమయంలో పెద్దలకు తోచవచ్చు. అది చాలా అన్యాయమైన అనుమానం. కీమో వల్ల వచ్చే వికారం మూడు రకాలుగా ఉంటుంది. మందు ఎక్కించిన తొలి 24 గంటల్లో వచ్చేది ఒకటి. ఆ తర్వాతి రోజుల్లో, ఒక్కోసారి నాలుగైదు రోజుల దాకా సాగేది రెండవది. మూడవది శరీరం నేర్చుకున్న వికారం, అంటే మందు పడకముందే వచ్చే ముందస్తు వికారం. ముందు విడతల్లో బాగా వాంతులు అయిన పిల్లల మనసులో స్పిరిట్ వాసన, సెలైన్ స్టాండు, ఆసుపత్రి దారి, ఇవన్నీ ఆ బాధతో ముడిపడిపోతాయి. తర్వాత అవి కనబడితే చాలు, కడుపు తిరుగుతుంది. భయం ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఈ ముడి మరింత గట్టిగా పడుతుంది. ఒకసారి పడ్డాక దానిని విప్పడం కష్టం కాబట్టి మొదటి విడతలోనే వాంతులు కాకుండా చూసుకోవడమే అన్నిటికంటే ముఖ్యమైన పని.

అందుకు మొదటి ఆధారం మందులే. కీమో మందులు పేగుల్లోని కొన్ని కణాల నుంచి సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తాయి, ఆ సంకేతం మెదడులో వాంతిని నడిపించే భాగానికి చేరుతుంది. ఆండాన్‌సెట్రాన్ అనే వాంతి మందు ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది కనుకనే దానిని కీమోకు ముందే ఇస్తారు. ‘వాంతి అయితే అప్పుడు వేద్దాంలే’ అనుకొని ఇంటి దగ్గర మాత్ర ఆపడం సరికాదు. పిల్లవాడు హుషారుగా కనబడినా, డాక్టరు చెప్పినన్ని రోజులూ చెప్పిన వేళకే ఇవ్వాలి. సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందులు తీవ్రంగా వాంతులు తెస్తాయి, విన్‌క్రిస్టిన్ దాదాపు తేదు. మీ బిడ్డకు ఎక్కిస్తున్నది ఏ తరగతి మందో అడిగి తెలుసుకోండి. ఆండాన్‌సెట్రాన్‌తో సరిపోకపోతే డెక్సామెథాసోన్, అప్రెపిటెంట్ వంటివి చేర్చే అవకాశం ఉంటుంది. ముందస్తు వికారానికి, ఆందోళనకు వేరే మందులు కూడా ఉన్నాయి. ‘పోయినసారి రెండవ రోజున నాలుగుసార్లు వాంతి అయింది’ అని మీరు కచ్చితంగా చెప్పగలిగితేనే డాక్టరు మందు మార్చగలుగుతారు. అందుకని ఒక చిన్న నోటు పుస్తకంలో మందు వేసిన వేళ, వాంతి అయిన వేళ, తిన్నది, తాగినది, మూత్రానికి వెళ్ళినది రాసి ఉంచండి. మాత్ర మింగిన కాసేపటికే కక్కేస్తే, మీ అంతట మీరు మరొకటి వేయకుండా వార్డుకు ఫోను చేసి అడగండి. ఆండాన్‌సెట్రాన్, విన్‌క్రిస్టిన్ రెండూ మలబద్ధకం తెస్తాయి, కడుపు బిగిస్తే వికారం పెరుగుతుంది. కాబట్టి విరేచనం సంగతి కూడా ఆ పుస్తకంలో ఉండాలి.

తిండి విషయంలో మనం ప్రేమతో చేసే పొరపాటు ఒకటి ఉంది. ఆసుపత్రికి పోయే రోజు కదా అని బిడ్డకు ఎంతో ఇష్టమైనదే వండిపెడతాము. అమెరికాలో ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1978లో ప్రచురించిన పరిశోధనలో, కడుపులో వికారం కలిగించే కీమోకు ముందు కొత్త రుచి ఐస్‌క్రీమ్ తిన్న పిల్లలు తర్వాత దానిని వద్దన్నారు. మందు తెచ్చిన వికారాన్ని శరీరం ఆ తిండి మీదకు నెట్టేస్తుందన్నమాట. కాబట్టి చికిత్స రోజున వాడికి ప్రాణమైన పదార్థాలను పెట్టకండి, వాటిని బాగున్న రోజులకు దాచండి. ఆ రోజుకు ఇడ్లీ, పల్చని రాగిజావ వంటి సాదా తిండి కొంచెం కొంచెంగా చాలు. వేడి అన్నం కంటే చల్లారిన అన్నానికి వాసన తక్కువ కనుక, ఇంట్లో అప్పటికప్పుడు కలిపిన పెరుగన్నాన్ని చాలామంది పిల్లలు తేలికగా తింటారు. పిల్లవాడు ఉన్న గదికి దూరంగా తాలింపు పెట్టండి. ఎండుమిర్చి ఘాటు ఒక్కటే కడుపు తిప్పడానికి సరిపోతుంది. తినలేనప్పుడు బలవంతం చేయకుండా, ఐదు పది నిమిషాలకొకసారి ఒక్కో చెంచా ఓఆర్ఎస్ గానీ కాచి చల్లార్చిన నీళ్ళు గానీ పట్టించండి.

అల్లం గురించి అందరూ అడుగుతారు. ఎముకల కేన్సర్‌కు సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్ తీసుకుంటున్న పిల్లలకు, యువతకు మామూలు వాంతి మందులతో పాటు అల్లం పొడి నింపిన క్యాప్సూళ్ళు ఇస్తే వాంతులు తగ్గినట్టు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2011లో ప్రచురించారు. అయితే అది మందులకు తోడుగా ఇచ్చినదే తప్ప మందులకు బదులుగా కాదు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నప్పుడు అల్లం అయినా, కషాయం అయినా డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు.

ఇక భయం. పిల్లలకు అబద్ధం చెప్పవద్దు. ‘సూది వెయ్యర్లే నాయనా, ఊరికే చూసి పంపించేస్తారు’ అని నమ్మించి తీసుకువెళ్ళిన బిడ్డ, తర్వాత ఆసుపత్రిని మాత్రమే కాదు, మనల్ని కూడా నమ్మడు. ఏం చేస్తారో, ఎంతసేపు పడుతుందో, ఎక్కడ నొప్పి పుడుతుందో ముందు రోజే వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. డాక్సోరూబిసిన్ వంటి ఎర్రమందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పకపోతే పిల్లవాడు రక్తం అనుకొని హడలిపోతాడు. బొమ్మకు దూది చుట్టి, సెలైన్ పెట్టినట్టు ఆడించడం చిన్నపిల్లలకు మాటల కంటే బాగా పనిచేస్తుంది. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన పూతమందును సూది గుచ్చే చోట గంట ముందు రాస్తే నొప్పి తగ్గుతుంది. అది దొరుకుతుందేమో అడగడానికి మొహమాటపడకండి. సూది వేసే వేళ బిడ్డను పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం కంటే, నర్సు ఒప్పుకుంటే, తల్లి ఒడిలో కూర్చోబెట్టుకోవడం ఎంతో మేలు.

మా వాడికి అన్నిటికంటే ఉపయోగపడింది సబ్బునీటి బుడగల సీసా. బుడగ పగలకుండా పెద్దది కావాలంటే శ్వాసను నెమ్మదిగా, పొడవుగా వదలాలి. ఆందోళన తగ్గించే శ్వాస అదే, పిల్లలకు వేరుగా నేర్పనవసరం లేదు. సూది గుచ్చాక కథ మొదలయ్యేది. తిరుపతి గంగమ్మ జాతరలో ఈసారి ఏ వేషం వేస్తావని మా అక్క అడిగేది. బైరాగి వేషమా, బండ వేషమా, తోటి వేషమా, దొర వేషమా? ఒంటికి ఏ రంగు పూస్తారు, అది ఆరేటప్పుడు చర్మం ఎలా లాగుతుంది, డప్పు ఎటు నుంచి వినబడుతోంది, చేతిలో వేపమండ తడిగా ఉందా, పొడిగా ఉందా? ఒక్కొక్క ప్రశ్నకు కళ్ళు మూసుకొని జవాబు చెబుతూ పోయేవాడు. కంటితో, చెవితో, చర్మంతో ఊహించుకునేలా నడిపించే ఈ పద్ధతిని కేన్సర్ పిల్లల వికారం మీద వైద్యులు 1980ల నుంచే పరీక్షించారు, దాని వల్ల ఉపశమనం కలుగుతుందని గమనించారు. వీడియో ఆటలు కూడా కొంతవరకు ఇలాగే ధ్యాస మళ్ళిస్తాయి. మీ బిడ్డకు జాతర తెలియకపోతే, వానాకాలంలో కపిలతీర్థం దగ్గర నీళ్ళు పడే చప్పుడు, ముఖం మీద పడే తుంపర ఊహించుకోమనండి. బిడ్డ స్వయంగా చూసిన చోటే ఎంచుకోవాలి.

జుట్టు రాలడం చాలామంది పిల్లలను కుంగదీస్తుంది. ఈ విషయంలో మన ఊరు మనకు కొంత సాయం చేస్తుంది. తలనీలాలు ఇచ్చి వచ్చిన గుండ్లు తిరుపతిలో ఏ వీధిలో అయినా కనబడతాయి కనుక, బోడితలతో ఉన్న బిడ్డను ఎవరూ వింతగా చూడరు. ఈ మాట మేము వాడికి ముందే చెప్పి ఉంచాము. కానీ రక్తంలో తెల్లకణాల కౌంట్లు పడిపోయిన రోజుల్లో మొక్కు తీర్చుకోవడానికి కొండమీది క్యూలో నిలబెట్టవద్దు. స్వామి మొక్కు ఆగుతుంది, ఇన్ఫెక్షన్ ఆగదు.

ఇంటికి వచ్చాక రెండు రోజుల పాటు బిడ్డ వాంతిని, మూత్రాన్ని, వాటితో తడిసిన బట్టలను చేతి తొడుగులు వేసుకొనే శుభ్రం చేయండి. నోటికి ఏదీ నిలవకపోయినా, ఏడెనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, వాంతిలో రక్తం గానీ పచ్చని పసరు గానీ కనబడినా, బిడ్డ మగతగా వాలిపోతున్నా, తీవ్రమైన తలనొప్పి అంటున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, పారాసిటమాల్ వేసి చూద్దామని కూర్చోకుండా, కీమో తీసుకుంటున్న బిడ్డ అని మొదటి మాటలోనే చెబుతూ వెంటనే ఆసుపత్రికి చేరండి. నోటు పుస్తకం, థర్మామీటరు, వార్డు ఫోను నంబరు ఎప్పుడూ ఒకే సంచిలో ఉంచి, ఆ సంచిని తలుపు పక్కన మేకుకు తగిలించండి.