కుంట కట్ట కింద నీరు ఊరుతోందా? ముందు తూము పక్కన చూడండి

లక్షణం: కుంట నిండాక కట్ట బయటి వాలు అడుగున నేల మెత్తబడుతుంది, నీరు ఊరుతుంది. వెంటనే అందరూ చేసే పని, ట్రాక్టర్ బంకమట్టి తెచ్చి అక్కడ మెత్తేయడం. ఆ పని మాత్రం చేయకండి. బయట మూస్తే నీరు ఆగదు, కట్ట లోపలే ఒత్తిడి పెరిగి పక్కనో పైనో ఇంకోచోట దారి చూసుకుంటుంది.

ముందు ఆ నీటిని గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. తేటగా ఉంటే మామూలు ఊట కావచ్చు, మట్టికట్టకు అది సహజమే. అడుగున మన్ను పేరుకుంటే కట్ట లోపల కొట్టుకుపోతున్నట్టే. తేట నీరైనా రోజూ బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతోందో రాసుకోండి. కుంటలో మట్టం అంతే ఉండి ధార పెరిగితే అదీ ప్రమాదమే. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు.

కారణం చాలాసార్లు తూము గొట్టమే, అంటే నీళ్లు వదలడానికి కట్ట అడుగున వేసిన గొట్టం. గుండ్రటి గొట్టం కింది సగం చుట్టూ దిమ్మిస (మన్నును గట్టిపరిచే బరువు) దెబ్బ అందదు, అక్కడ మన్ను వదులుగా మిగులుతుంది. నిండిన మొదటి ఏడు ఏమీ కనబడకపోవచ్చు. ఆ సందు వెంట నీరు సన్నగా మన్ను మోసుకెళ్తూ బయటి కొస నుంచి లోపలికి తొలుచుకుపోతుంది. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. ఒకరోజు తూముకు సరిగ్గా పైన కట్ట కుంగుతుంది, అప్పటికి బుంగ పడ్డట్టే. తూము షట్టర్ పూర్తిగా మూసి చూడండి: నీరు గొట్టం బయటి అంచు చుట్టూ వస్తే సందు, గొట్టంలోంచే బురదగా వస్తే అతుకు వదిలింది.

తాత్కాలికంగా: ఊట మీద అడుగు మందం ముతక ఇసుక, ఆపైన చిప్స్ (సన్న కంకర), ఆపైన 40 ఎంఎం కంకర. నీరు పోవాలి, మన్ను ఆగాలి. ధార ఇసుకను తోసేస్తుంటే ముందు కంకరతో దాని జోరు తగ్గించండి. నీటిమట్టం మోటార్లతో దించండి, తూము తెరిచి కాదు. అవసరం తొందరైతే తప్ప రోజుకు అడుగు మించి దించకండి, లోపలి వాలు జారవచ్చు.

శాశ్వతంగా: ఖాళీ చేసి, గొట్టం వెంట ఏటవాలు గోడలతో తవ్వి, తడి సరిచూసి అరడుగు పొరలుగా దిమ్మిస వేయాలి. బయటి భాగంలో గొట్టం చుట్టూ ఇసుక ఫిల్టర్ తప్పదు. కాంక్రీటు కాలర్లు (గొట్టం చుట్టూ అడ్డంగా పోసే పట్టీలు) వేశాం చాలంటారు, చాలవు.

ఎంత తొందరపడాలన్నది కట్ట ఎత్తును బట్టి కాదు, కింద ఏముందన్నదాన్ని బట్టి. పొలాలే ఉంటే తక్కువ ప్రమాదం, రోడ్డో కల్వర్టో ఉంటే మధ్యరకం, మనుషులు పడుకునే గది ఒక్కటున్నా ఎక్కువ. కుంట తవ్వినప్పుడు లేని కోళ్లఫారం కాపలాగది ఇప్పుడుందేమో ఏటా చూడండి. ఉంటే, బురదనీరు కనబడగానే ముందు వాళ్లను లేపి పంపి, తహసీల్దారుకు చెప్పి, ఆ తర్వాతే ఇసుక. 2021 డ్యాం భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన కట్టలకూ, 10 నుంచి 15 మధ్య కొన్నింటికీ వర్తిస్తుంది. మూడు మీటర్ల కుంటకు ఆ చట్టం కింద తనిఖీకి ఎవరూ రారు.

ఎలుక, ఎండ్రకాయ బొరియలు తవ్వి దిమ్మిస వేస్తే సరి. నల్లరేగడి పగుళ్లు వానకు ముందే పూడ్చండి. చేపలు పోతాయని అలుగుకు (నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటుకు) వల కట్టి ఉంటే ఇవాళే విప్పేయండి.