నా 14-బిస్ ఎట్టకేలకు ఎగిరింది

1906 అక్టోబర్ 23న పారిస్‌లోని బగతెల్ మైదానంలో బ్రెజిల్ వైమానికుడు సాంతోస్ డ్యూమాంట్ సుమారు 60 మీటర్లు ఎగిరిన 14-బిస్ విమానమంటే నాకు ప్రాణం. ముందు పెట్టె గాలిపటం లాంటి చుక్కాని, వెనక రెక్కలు, చివర్న ప్రొపెల్లర్, అల్లిన బుట్టలో నిలబడి నడిపే పైలట్! బాల్సా అనే తేలికైన కర్రతో, పలుచని టిష్యూ కాగితంతో 50 సెంటీమీటర్ల రెక్కల మోడల్ కట్టాను. ప్రొపెల్లర్‌ను తిప్పే రబ్బరు మెలిపెట్టి వదిలితే ప్రతిసారీ ముక్కు పైకెత్తి, తోకమీద కూలబడేది. రెండుసార్లు రెక్క విరిగింది.

తప్పు బ్యాలెన్స్‌లో ఉంది. మామూలు మోడల్‌లాగే రెక్క వెడల్పులో మూడో వంతు దగ్గర బరువు సరితూగేలా చేశాను. ఈ విమానంలో ముందున్న చుక్కాని కూడా బరువు మోస్తుంది కాబట్టి బరువు కేంద్రం రెక్క ముందు అంచు దాటి ఇంకా ముందుకు ఉండాలి. ముక్కులో బంకమట్టి కొంచెం కొంచెంగా పెడుతూ, అంచుకు 2 సెంటీమీటర్లు ముందుకు తెచ్చాను. చుక్కానిని రెక్కకంటే 3 డిగ్రీలు ఎక్కువ పైకి వంచాను. అప్పుడు వేగం తగ్గితే రెక్కకంటే ముందుగా అదే గాలిలో పట్టు తప్పి, ముక్కు దానంతటదే దిగుతుంది. ఈ కిటుకు దొరికిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఒక చిన్న మాట: ప్రొపెల్లర్ వెనక ఉన్నా దాని ఉబ్బెత్తు వైపు విమానం వెళ్లే దిక్కుకే ఉండాలి.

ముందు రబ్బరు చుట్టకుండా, గడ్డిమీద చేత్తో వదిలి చూశాను. తిన్నగా జారింది. తర్వాత 150 చుట్లు, ఆపైన 300. తలెత్తు ఎత్తులో, నెమ్మదిగా, మైదానం సగం దాటింది.