నాగావళి రాళ్లలో కళ్లు చూసే పద్ధతి

ఒడిశాలోని రాయగడలో ఇరవై రెండేళ్లు సైన్సు చెప్పాను. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా మాట్లాడే పిల్లల్ని మాఘ ఫాల్గుణాల్లో నాగావళి ఒడ్డుకు తీసుకెళ్లేవాణ్ని. అప్పుడు నీరు తగ్గి రాతి పలకలు శుభ్రంగా బయటపడతాయి. ఈ నది పేరుతోనే తూర్పు కనుమల్లో ఒక షియర్ జోన్ ఉంది. ఒక పక్క రాయి ఇంకో పక్క రాయిని రాసుకుంటూ జరిగిన పట్టీని అలా అంటారు. ఏ పక్క ఎటు జరిగిందో రాళ్లలో కళ్లలా కనిపించే గింజలు చెబుతాయి, వాటిని చూసే పద్ధతే ఇది. నేల పైపైన అయితే రాయి పగులుతుంది. లోతున, వేడిలో, పగలకుండా సాగుతుంది. ఈ కనుమల రాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికినవి.

భూతద్దం, కాంపస్, సీసాడు నీళ్లు, నోటుబుక్కు, రూపాయి బిళ్ల చాలు. సుత్తి వద్దు. ఒక్క దెబ్బకు పోయిన రాయిని మళ్లీ తేలేం.

ముందు ఒడ్డుకు దూరంగా, మామూలు రాయి దగ్గర మొదలుపెట్టండి. ఇక్కడ ఎక్కువగా ఖొండలైట్ దొరుకుతుంది. ఖోండుల పేరు మీదుగా వచ్చిన పేరది, మన కొండల మనుషుల పేరు. అందులో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజపు గింజలు కుంకుమ బొట్లలా ఉంటాయి. అక్కణ్నుంచి నది వైపు నడుస్తూ పది అడుగులకోసారి ఆగి చూడండి. షియర్ జోన్ దగ్గరపడేకొద్దీ గింజలు నలిగి చిన్నవవుతాయి, చారలు సన్నబడతాయి, పలుగురాయి రిబ్బన్లలా సాగుతుంది. అలా నలిగి సాగిన రాయే మైలొనైట్.

చూస్తున్నది నేలలో పాతుకున్న రాయేనా, వరదకు దొర్లివచ్చిన బండా అన్నది తేల్చుకోండి. చుట్టుపక్కల పలకల్లో చారలన్నీ ఒకే దిక్కుకు పోతుంటే నమ్మవచ్చు. దొర్లిన బండ దిక్కు చెప్పదు.

ఇప్పుడు అసలు పని. నేను మొదట్లో చాలా ఏళ్లు రాతి రేకల పైభాగాన్నే చూసి, కదలిక గుర్తులేవీ లేవని పిల్లలకు చెప్పాను. తప్పు. పేకముక్కల దస్తాను పక్కకు తోసి, పైముక్కను చూస్తే ఏం తెలుస్తుంది? అంచు చూడాలి. రేకల మీద సన్నటి గీతలు ఒకే వైపు సాగి ఉంటాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. ఆ గీతల వెంబడి, రేకలకు అడ్డంగా ఉన్న ముఖాన్ని వెతికి నీళ్లు పోయండి. తడిస్తే రంగులు విడిపోతాయి.

అక్కడ కళ్లు కనిపిస్తాయి. నలగకుండా మిగిలిన ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు గింజలవి, రెండు పక్కలా తోకలతో. కంటి పైభాగం నుంచి వచ్చిన తోక కుడికీ, కింది భాగం నుంచి వచ్చింది ఎడమకీ సాగితే, పైనున్న రాయి కుడికి జరిగిందన్నమాట. ఒక్క కంటిని నమ్మకండి. నేను ఇరవై లెక్కపెట్టిస్తాను. ఓ ఏడు ఒక అమ్మాయి పద్దెనిమిది కుడికి, రెండు ఎడమకి అని రాసి, ఆ రెంటినీ కొట్టెయ్యమంటారా మాస్టారూ అంది. వద్దమ్మా, అవీ ఉండనీ అన్నాను.

సైజు తెలిసేలా రూపాయి బిళ్లను పక్కన పెట్టి ఫొటో తీయండి. కాంపస్ చూసేటప్పుడు ఫోను దూరంగా ఉంచండి, ముల్లు తప్పుతుంది. నోటుబుక్కులో బాణం గీసి, ఏ దిక్కుకు మొహం పెట్టి చూశారో దాని పక్కనే రాయండి. అదే రాతిని అవతలి పక్క నుంచి చూస్తే కుడి కాస్తా ఎడమవుతుంది.