వానలకు ముందు చెరువు కట్ట చూడబోతున్నారా? ఈ జాగ్రత్తలు తీసుకోండి

2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానలకు ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లో ఎన్నో చెరువులకు గండ్లు పడ్డాయి. మీ ఊరి కట్టను మృగశిర కార్తెకు ముందే చూసి పెట్టుకోండి.

• ఒక్కరే వెళ్లొద్దు. ఊళ్లో నీరటి (చెరువు నీళ్లు వదిలే మనిషి) ఉంటే వెంట తీసుకెళ్లండి, ఏ తూము దగ్గర ఎప్పుడు ఊట వచ్చిందో ఆయనకే బాగా తెలుసు. చేతికర్ర, బూట్లు తప్పనిసరి. పొదల్లో పాములుంటాయి.

• ముందు మత్తడి (అలుగు, అంటే చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే చోటు) చూడండి. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే కోసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు. మత్తడికి అడ్డుపడిన తుమ్మకంప, చేపల వలలు, నీళ్లు ఎక్కువ నిలవాలని పేర్చిన బస్తాలు అన్నీ తీయించండి. బస్తాల దగ్గర గొడవ అవుతుంది. అయినా తీయించాల్సిందే.

• పొలాలవైపు కట్ట అడుగు వెంట నెమ్మదిగా నడవండి. చుట్టూ గడ్డి ఎండినా ఒక్కచోట తుంగ పచ్చగా ఉందంటే అక్కడ ఊట ఉందనుకోండి. ఆ నీళ్లు గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే గుర్తు పెట్టి రోజూ గమనించండి. మట్టిరంగులో ఉంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టే, వెంటనే ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కి) ఫోన్ చేయండి. మీరే బంకమట్టితో మూసేయొద్దు, నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తాయి.

• పొదలు కొట్టేయండి. పెద్ద చెట్లను మాత్రం ఇప్పుడు వేళ్లతో పెకిలించొద్దు.

• బీటలు, ఎలుక బొరియలు, కుంగిన చోట్లు ఫొటో తీసుకోండి.

• ఇసుక బస్తాలు, టార్చిలైట్లు, దిగువ ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు ఇప్పుడే సిద్ధం చేసుకోండి.