ఫోన్ రిపేరుకు ఇస్తున్నారా? లాక్ నంబర్ చెప్పకండి

మొన్న హన్మకొండ చౌరస్తాలో స్క్రీన్ మార్పిద్దామని ఫోన్ ఇస్తే, షాపతను ముందు అడిగింది లాక్ నంబరే. స్క్రీన్ మార్చడానికి అదెందుకు? టచ్ పనిచేస్తుందో లేదో మనమే లాక్ తీసి అక్కడే చూసుకోవచ్చు. ఫోన్ వదిలి రావాల్సి వస్తే ముందు బ్యాకప్ తీసుకోండి. సామ్‌సంగ్ కొత్త ఫోన్ల సెట్టింగ్స్‌లో ‘మెయింటెనెన్స్ మోడ్’, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ‘రిపేర్ మోడ్’ ఉంటాయి. ఆన్ చేసి ఇస్తే మన ఫొటోలు, మెసేజ్‌లు వాళ్లకు కనపడవు. నాకిది ఆలస్యంగా తెలిసింది!

తీసేసిన పాత పార్టు అడగండి, వేసిన పార్టేదో బిల్లు మీద రాయించుకోండి. తేడా వస్తే ఆ బిల్లే ఆధారం. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా కేసు మన జిల్లాలోనే వేయొచ్చు.